గట్టు మీది నుంచి బాస్‌కు గాలం: చేప మీ కాళ్ల దగ్గరే ఉంది

మీ ప్రశ్న రెండుసార్లు చదివాను. టెక్సాస్‌లో డాలస్ పక్కనున్న ఫ్రిస్కోకు వచ్చి ఎనిమిది నెలలైందని, అపార్ట్‌మెంట్ల వెనక చెరువులో మూడు వారాలుగా ఆఫీసు అయ్యాక గాలం వేస్తున్నా ఒక్క బాస్ (లార్జ్‌మౌత్ బాస్ అనే మంచినీటి వేట చేప) కూడా పడలేదని, అదే గట్టు మీద స్కూలు పిల్లలు మాత్రం పడుతున్నారని రాశారు. ఏ ఎర కొనాలి, లైసెన్సు సంగతేమిటి, పడితే వండుకోవచ్చా అని అడిగారు. అన్నిటికీ చెబుతాను. అయితే మీ ఇబ్బంది మీరు అడిగిన వాటిలో లేదు. మధ్యలో మామూలుగా అనేసిన ఒక మాటలో ఉంది: "వీలైనంత దూరం, చెరువు నడిమికి విసురుతున్నాను" అన్నారు. మీరు చేపల్ని దాటించి విసురుతున్నారు.

డాలస్ ఉత్తర శివార్లలో పదిహేనేళ్లుగా నేను గాలం వేస్తున్నాను. పడవ లేదు, కొనాలనీ లేదు. నడిచి వెళ్లగలిగే చెరువులు, పార్కుల్లోని మడుగులు, అంతే. మొదటి వేసవి అంతా నేనూ మీలాగే నడిమికి విసిరాను. లోతు ఎక్కడుంటే చేప అక్కడుంటుందని మనకు చిన్నప్పటి నుంచీ ఒక నమ్మకం. ఊళ్లో పెద్ద చెరువు విషయంలో అది కొంత నిజమే కావచ్చు. ఇక్కడి శివారు చెరువుల కథ వేరు.

ఈ చెరువుల్లో చాలా వాటిని కాలనీ కట్టేటప్పుడు వాననీరు ఆపడానికి తవ్వారు. అడుగు పళ్లెంలా ఉంటుంది. నడిమి భాగంలో మెత్తని బురద తప్ప రాయీ రప్పా ఏమీ ఉండదు. తినడానికి అక్కడ ఏముంది? చిన్న చేపలు, బ్లూగిల్ అనే చేప పిల్లలు, క్రాఫిష్ (రొయ్యలాంటి జీవులు), కప్పలు, తూనీగ పురుగులు, అన్నీ గట్టు వెంబడి గడ్డిలోనూ రాళ్ల సందుల్లోనూ బతుకుతాయి. లార్జ్‌మౌత్ బాస్ వాటి కోసమే అక్కడ కాచుకుని ఉంటుంది. మన కొర్రమీను ఎలా వేటాడుతుందో మీరు చూసి ఉంటే బాస్ అర్థం కావడం తేలిక. వెంటపడి తరిమే రకం కాదు, నీడలో కదలకుండా పొంచి, ఏదైనా దగ్గరికి రాగానే నోరు తెరిచి ఒక్క గుటకలో లాగేసుకునే రకం. అందుకే దానికి మరుగు కావాలి. ఆ మరుగు గట్టు పక్కనే ఉంటుంది.

కాబట్టి రేపటి నుంచి ఒకటి చేయండి. చెరువు దగ్గరికి వెళ్లగానే నీళ్ల అంచుకు పోకండి. పదడుగుల వెనకే ఆగండి. అక్కడి నుంచి మొదటి విసురు గట్టుకు సమాంతరంగా, అంచుకు రెండు మూడడుగుల లోపల పడేలా వేయండి. తర్వాతది కొంచెం ఏటవాలుగా. ఆ తర్వాత ఇంకాస్త లోపలికి. విసనకర్ర విప్పినట్టు అన్నమాట. చివరిది మాత్రమే నడిమి వైపు. నాకు పడే చేపల్లో ఎక్కువ భాగం ఆ మొదటి రెండు విసుర్లలోనే పడతాయి, అదీ నేను నిలబడిన చోటికి కారు పొడవంత దూరంలో.

అడుగుల చప్పుడు కూడా పట్టించుకోండి. చేపకు ఒంటి పక్కన తల నుంచి తోక దాకా ఒక గీత ఉంటుంది, నీటిలో కదలికలను అది పసిగడుతుంది. గట్టు మీద బరువుగా నడిస్తే ఆ అదురు నీటిలోకి వెళ్తుంది. మీ నీడ నీళ్ల మీద పడితే కొంగ వచ్చిందనుకుని పారిపోతుంది. సాయంత్రం సూర్యుడు మీ వెనక ఉంటే మీ నీడ చాలా దూరం పడుతుంది, దాన్ని చూసుకుని నిలబడండి. ఆ స్కూలు పిల్లలను ఒకసారి గమనించండి. ఒకచోట నిలబడి ఉండరు. నాలుగు విసుర్లు వేసి పది అడుగులు జరుగుతారు. వాళ్లకు చేపలు పడటానికి అది పెద్ద కారణం.

ఇక చెరువును ఎలా చూడాలన్నది. మాది నల్గొండ వైపు. చెరువంటే మాకు కట్ట, తూము, అలుగు. తూములోంచి నీళ్లు పొలాలకు పోతాయి, నిండితే అలుగు పారుతుంది. ఇక్కడి చెరువుకు కట్ట ఉంటుంది, నిండితే పొర్లే అలుగు ఉంటుంది, వీధుల్లోంచి వాననీరు వచ్చి పడే పెద్ద సిమెంటు పైపు ఉంటుంది. ముందు ఈ మూడూ ఎక్కడున్నాయో కనిపెట్టండి. కనిపెట్టాక మిగతా చెరువంతా సగం అర్థమైనట్టే.

వాననీటి పైపు నోటి దగ్గర నీళ్లు పడీపడీ ఒక గుంట ఏర్పడుతుంది. చుట్టూ లోతు తక్కువ ఉన్నా అక్కడ కాస్త ఎక్కువ ఉంటుంది. వాన పడి వెలిసిన గంట రెండు గంటల్లో ఆ పైపులోంచి పురుగులూ వానపాములూ కొట్టుకొస్తాయి, వాటి కోసం చిన్న చేపలు చేరతాయి, వాటి కోసం బాస్ వస్తుంది. వేసవిలో అయితే వాన మొదలైన కొద్దిసేపటి దాకా తారు రోడ్ల మీది వేడి నీరు వస్తుంది, అది అయిపోయి చల్లని నీరు వచ్చేదాకా ఆగండి. కట్ట దగ్గర రాళ్లు పేర్చి ఉంటే ఆ సందుల్లో క్రాఫిష్ ఉంటాయి. అలుగు మూల సాధారణంగా చెరువులో బాగా లోతున్న భాగం, చలికాలంలో అక్కడే వేయండి. జమ్ము పెరిగిన చోట, ఆ జమ్ము వరుస ఎక్కడ తెగిందో, ఎక్కడ మూల తిరిగిందో చూడండి. ఒకేలా ఉన్న గట్టులో తేడాగా కనిపించే చోటే చేప ఉంటుంది. ఒంగిన చెట్టు, చెక్క వంతెన కింది నీడ, నీళ్లలో పడిన కొమ్మ, గట్టు గోడ మూల, ఇవన్నీ ఆ లెక్కలోకే వస్తాయి.

గాలి గురించి చాలామంది పట్టించుకోరు. దక్షిణం నుంచి గాలి వీస్తుంటే ఉత్తరపు గట్టుకు వెళ్లండి. గాలి నాచును, చిన్న జీవులను అటు తోస్తుంది, నీటి మీద అలలు లేచి చేపకు మీరు సరిగా కనబడరు. గాలికి ఎదురు విసరడం చిరాకే. అయినా అక్కడే వేయండి.

నాకు తెలిసిన చెరువు ఒకటి ఉంది, మా ఇంటికి పది నిమిషాల నడక. 2022 వేసవిలో ఇక్కడ వానల్లేక అందులో నీళ్లు బాగా దిగిపోయాయి. రాడ్ లేకుండా ఫోన్ పట్టుకుని గట్టంతా తిరిగి ఫోటోలు తీశాను. అప్పటిదాకా ఎప్పుడూ కనబడని ఒక మెట్టు, విరిగిన సిమెంటు దిమ్మ, పైపు నోటి గుంట, అన్నీ బయటపడ్డాయి. ఆగస్టు 21, 22 తేదీల్లో డాలస్‌ను ముంచెత్తిన వానకు చెరువు రాత్రికి రాత్రే నిండిపోయింది. ఆ ఫోటోలు నాకు ఇప్పటికీ పనికొస్తున్నాయి. ఆ దిమ్మ పక్కన ఎన్ని చేపలు పట్టి వదిలానో లెక్కలేదు. మీ చెరువులో నీళ్లు తగ్గిన రోజు వస్తే గాలం ఇంట్లో పెట్టి ఫోన్ తీసుకుని వెళ్లండి.

ఎరల సంగతి. ఇరవై రకాలున్న డబ్బా కొన్నానన్నారు. దాన్ని పక్కన పెట్టండి. మీకు ఒకటి చాలు, ఎక్కువంటే మూడు.

మొదటిది 5 అంగుళాల మెత్తని ప్లాస్టిక్ పురుగు. గ్యారీ యమమోటో సెంకో అసలుది, అదే పోలికలో చవకవి చాలా దొరుకుతాయి. ఉప్పు కలిపి చేస్తారు కాబట్టి సీసం గుండు లేకుండానే మునుగుతుంది. దాని నడుముకు ఒక చిన్న రబ్బరు రింగు తొడిగి, ఆ రింగు కిందుగా 1/0 సైజు హుక్ గుచ్చండి. దీన్ని వ్యాకీ రిగ్ అంటారు. చూడ్డానికి వింతగా ఉంటుంది, హుక్ బయటే కనబడుతుంటుంది, ఏ చేప తింటుందిలే అనిపిస్తుంది. నీళ్లలో వేసి చూస్తే తెలుస్తుంది: రెండు కొసలూ సన్నగా వణుకుతూ మెల్లగా దిగుతుంది. బాస్‌ను ఆకర్షించేది ఆ దిగడమే.

దీంతో కొత్తవాళ్లు చేసే తప్పు ఒక్కటే, లాగడం. విసిరాక ఏమీ చేయకండి. లైను కాస్త వదులుగా ఉంచండి, బిగువుగా ఉంటే పురుగు నిటారుగా దిగకుండా మీ వైపు జారుతుంది. మనసులో పది దాకా లెక్కపెట్టండి. అడుగు తాకాక రాడ్ కొసను ఒక అడుగు ఎత్తి మళ్లీ దిగనివ్వండి. ఇలా రెండు మూడు సార్లు చేసి, చుట్టేసి, ఇంకో చోట వేయండి. అంతసేపూ చూపు లైను నీటిని తాకే చోట ఉండాలి. చాలాసార్లు చేప తీసుకున్నది చేతికి తెలియదు. లైను ఒక్కసారి చిటుక్కున ఎగురుతుంది, లేదా పక్కకు నడవడం మొదలుపెడుతుంది, లేదా దిగాల్సినది దిగకుండా మధ్యలోనే ఆగిపోతుంది. వెంటనే వదులు చుట్టేసి రాడ్‌ను పక్కకు గట్టిగా ఊడ్చండి. ఆలస్యం చేస్తే మింగేస్తుంది, అప్పుడు హుక్ గొంతులో దిగి చేప చచ్చిపోతుంది. చేప పడకపోయినా పరవాలేదు గానీ ఈ ఆలస్యం మాత్రం వద్దు. అనుమానం వచ్చినా లాగండి, విసురుకు డబ్బులేమీ పోవు.

రెండోది గడ్డిలోకి వేయడానికి. అదే పురుగును 3/0 వంపు హుక్‌కు ఎక్కించి, హుక్ మొనను ప్లాస్టిక్‌లోనే దాచేసి, ముందు 1/8 ఔన్సు బుల్లెట్ గుండు పెడితే టెక్సాస్ రిగ్. జమ్ము మధ్యలో, కొమ్మల మధ్యలో చిక్కుకోకుండా వస్తుంది. దీనికి హుక్ గుచ్చేటప్పుడు కాస్త బలం ఎక్కువ కావాలి, మొన ప్లాస్టిక్‌ను చీల్చుకుని రావాలి కదా.

మూడోది నీళ్లు మట్టిరంగులో ఉన్న రోజులకు, గాలి బాగా ఉన్న రోజులకు: 1/4 లేదా 3/8 ఔన్సు స్పిన్నర్‌బెయిట్, అంటే తిరిగే లోహపు రేకులున్న ఎర. రేకులు తిరుగుతూ అదురు పుట్టిస్తాయి, చేప చూడకపోయినా వినగలుగుతుంది. విసిరి, రేకులు తిరిగేంత నెమ్మదిగా చుట్టుకుంటూ రావడమే.

రంగుల గురించి టెన్షన్ పడకండి. నీళ్లు తేటగా ఉంటే గ్రీన్ పంప్‌కిన్ (గోధుమ కలిసిన ముదురు ఆకుపచ్చ), మట్టిగా ఉంటే నలుపూ నీలం కలిసినది. ఈ రెండు ప్యాకెట్లతో ఏడాది గడుస్తుంది.

మే నుంచి సెప్టెంబరు దాకా నాచు మందంగా కప్పిన చెరువులు కొన్ని ఉంటాయి. అక్కడ పై మూడూ పనిచేయవు, రబ్బరు కప్ప కావాలి. గోదావరి జిల్లాల్లో కొర్రమీనుకు కప్పను ఎరగా కట్టి నాచు మీద ఆడించడం చూసినవాళ్లకు దీన్ని వేరే నేర్పనక్కర్లేదు. ఒకే ఒక్క తేడా చెబుతాను. నీళ్లు బద్దలై కప్ప మాయమైన క్షణంలో లాగేయకండి. ఒక్క లెక్క ఆగి, బరువు చేతికి తెలిశాక లాగండి. పురుగుకు వెంటనే లాగమని, కప్పకు ఆగమని చెబుతున్నాను, నిజమే, రెండూ వేరు. నాచు మీద చేప గురి తప్పి కప్ప పక్కన నోరు వేయడం ఎక్కువ. అదీగాక కప్ప హుక్‌లు పైకి ఉంటాయి, చేప నోరు మూసుకోవాలి.

మీరు షాపులో కొన్న రాడ్, రీలు సెట్ బాగానే ఉంది. దాంతో చుట్టి వచ్చిన లైను మాత్రం మార్చండి. చాలాకాలం రీలు మీదే ఉండి స్ప్రింగులా చుట్టలు తిరిగి ఉంటుంది, అలాంటి లైనుతో చేప తీసుకున్నది కళ్లకు కనబడదు. 10 పౌండ్ల బరువు ఆపే మోనో లైను (ఒంటి పోగు నైలాన్ దారం) వేయండి, మొదటి ఏడాదికి అదే మంచిది.

ముడుల్లో పాలోమార్ ముడి ఒక్కటి నేర్చుకోండి. లైనును రెండు పేటలుగా మడిచి హుక్ కంటిలోంచి దూర్చండి. ఆ మడతతో ఒక మామూలు ముడి వదులుగా వేయండి. మడత ఉచ్చులోంచి హుక్ మొత్తాన్ని దాటించండి. తడి చేసి మెల్లగా బిగించండి. తడపకుండా బిగిస్తే ఆ రాపిడి వేడికి లైను బలం తగ్గుతుంది. నేను పోగొట్టుకున్న పెద్ద చేపల్లో రెండు ఖచ్చితంగా పొడి ముడి వల్ల పోయినవే, అవి ఇప్పటికీ గుర్తున్నాయి.

ఎప్పుడు వెళ్లాలి అంటే, మీరు వెళ్తున్న సాయంత్రం 6 గంటల వేళ జులైలో అన్నిటికంటే వేడి నీళ్లున్న వేళ. వేసవిలో తెల్లవారుజామున, వెలుగు రాకముందు ఒక గంట, వచ్చాక ఒక గంట. అది కుదరకపోతే పూర్తిగా పొద్దు గూకాక. ఫౌంటెన్ ఆడే చెరువైతే వేసవిలో దాని చుట్టుపక్కల నీటిలో ప్రాణవాయువు ఎక్కువ, అక్కడ వేయండి. అన్నిటికంటే మంచి కాలం ఫిబ్రవరి చివరి నుంచి ఏప్రిల్ దాకా. నీటి వేడి 55 డిగ్రీల ఫారెన్‌హీట్ దాటుతుండగా పెద్ద ఆడ చేపలు గుడ్లు పెట్టే ముందు కడుపు నింపుకోవడానికి గట్టుకు వస్తాయి. ఉత్తరపు గట్టుకు ఎండ ఎక్కువ తగులుతుంది, అక్కడ నీళ్లు ముందు వేడెక్కుతాయి, చేపలు అక్కడికే ముందు చేరతాయి. 60 డిగ్రీలకు వచ్చేసరికి మగ చేపలు తోకతో అడుగు ఊడ్చి గూళ్లు కడతాయి. తేట నీళ్లలో పళ్లెమంత తెల్లని మచ్చల్లా కనబడతాయి. ఆడది ఒక్కో విడతలో 2,000 నుంచి 43,000 దాకా గుడ్లు పెడుతుందని టెక్సాస్ పార్క్స్ అండ్ వైల్డ్‌లైఫ్ శాఖ చెబుతుంది. మగది ఆ గూడును కాపలా కాస్తుంది.

ఆ గూళ్ల మీది చేపలకు ఎర వేయకండి. చట్టం ఆపదు, చాలామంది వేస్తారు కూడా. ఆకలితో కాక గుడ్లను కాపాడుకోవడానికి అది ఎరను కరుస్తుంది. దాన్ని పైకి తీసిన రెండు నిమిషాల్లో బ్లూగిల్ గుంపు వచ్చి గుడ్లు ఊడ్చేస్తుంది. నేను కళ్లారా చూశాను, అదీ నేను పట్టిన చేప గూడే. పెద్ద సరస్సులో అది లెక్కలోకి రాకపోవచ్చు. రెండెకరాల చెరువులో ఒక్కో గూడూ లెక్కే.

ఇప్పుడు లైసెన్సు. టెక్సాస్‌లో ఆరు నెలలకు పైగా వరుసగా ఉంటున్నారు కాబట్టి మీరు రెసిడెంట్ కిందే తీసుకోవచ్చు. వీసా ఏదని దిగులు వద్దు. మంచినీటి చేపల ప్యాకేజీ 30 డాలర్లు, సెప్టెంబరు 1 నుంచి ఆగస్టు 31 దాకా చెల్లుతుంది. అందుకే జులైలో కొనేవాళ్లకు రెండు నెలలే మిగులుతుంది, ఆ తేడా చూసుకోండి. 17 ఏళ్లలోపు పిల్లలకు లైసెన్సు అక్కర్లేదు. స్టేట్ పార్కుల లోపల గట్టు మీది నుంచి పట్టడానికి ఎవరికీ అక్కర్లేదు, లోపలికి వెళ్లే రుసుము కడితే చాలు. బాస్‌కు రాష్ట్రమంతటా ఉన్న మామూలు నియమం 14 అంగుళాల కనీస పొడవు, రోజుకు 5. కొన్ని చెరువులకు వేరే నియమాలుంటాయి. బోర్డు చదవండి, ఆ శాఖ వెబ్‌సైటులో చెరువు పేరుతో వెతకండి. ఊళ్లలోని చిన్న పబ్లిక్ చెరువుల్లో ఒక మనిషి రెండు రాడ్లకు మించి వాడకూడదు.

మీ అపార్ట్‌మెంట్ల వెనక చెరువు ఎవరిదో ముందు తేల్చుకోండి. కొన్ని సిటీవి, కొన్ని హెచ్‌ఓఏవి (కాలనీ ఇళ్ల యజమానుల సంఘానివి), కొన్ని అపార్ట్‌మెంట్ యజమానివి. లీజింగ్ ఆఫీసులో ఒక్క మెయిల్ పెడితే రాతపూర్వకంగా జవాబు ఉంటుంది. ఒకసారి నేను పట్టుకుంటున్న చెరువు దగ్గర ఒక పెద్దావిడ వచ్చి ఇది మా కాలనీది, వెళ్లమంది. బోర్డు చెరువుకు అవతలి గట్టున ఉంది, నేను చూడలేదు. క్షమించమని చెప్పి సర్దుకున్నాను. పోట్లాడితే ఆ తర్వాత వచ్చే పిల్లలకు కూడా ఆ చెరువు మూసేస్తారు. అనుమతి ఖాయంగా ఉన్న చోటు కావాలంటే మెకిన్నీలో టౌన్ లేక్, అలెన్‌లో బెథనీ లేక్స్ పార్క్ ఉన్నాయి. డెంటన్‌లో సౌత్ లేక్స్ పార్క్, హర్స్ట్‌లో చిజమ్ పార్క్ వంటి చోట్ల నైబర్‌హుడ్ ఫిషిన్ అనే పథకం కింద క్యాట్‌ఫిష్‌ను తరచూ తెచ్చి వదులుతారు, చలికాలంలో రెయిన్‌బో ట్రౌట్‌ను వదులుతారు.

వండుకోవడం గురించి నా మాట సూటిగా చెబుతాను. కాలనీ చెరువులో బాస్‌ను తినకండి. ఆ నీళ్లు ఎక్కడి నుంచి వస్తున్నాయో పైన చెప్పాను: రోడ్ల మీది నూనె, పచ్చికలకు కొట్టిన మందులు, ఎరువులు, కుక్కల మలం, అన్నీ ఆ పైపులోంచే. పైగా బాస్ పెద్ద వేటగాడు, చిన్న చేపల్లో చేరినదంతా దాని ఒంట్లో పోగవుతుంది. ఇంకో కారణం, 14 అంగుళాలకు పెరగడానికి ఇక్కడ దానికి సుమారు రెండు మూడేళ్లు పడుతుంది. చిన్న చెరువులో అలాంటివి ఎన్నో ఉండవు. మీరు నాలుగు వారాల్లో పది పట్టుకెళ్తే ఆ చెరువు మళ్లీ కోలుకునేసరికి మీరు ఇల్లు మారిపోయి ఉంటారు. పులుసు పెట్టుకోవాలన్న ఆశ నాకూ ఉంటుంది. అందుకు తినడానికే వదిలిన క్యాట్‌ఫిష్‌కు పైన చెప్పిన పార్కులకు వెళ్తాను. చింతపండు పులుసుకు బాస్ కంటే అదే బాగుంటుంది కూడా. చేపలు తెచ్చి వదిలే చెరువైనా సరే, చేపలు తినే ముందు రాష్ట్ర ఆరోగ్య శాఖ హెచ్చరికలున్న చోట్ల పట్టిక ఒకసారి చూసుకోండి.

తినేది లేనప్పుడు వదిలే తీరు ముఖ్యం. హుక్ ముల్లును కటింగ్ ప్లయర్‌తో నొక్కేయండి. చేప గట్టుకు రాగానే చేయి తడుపుకుని కింది దవడను బొటనవేలితో, చూపుడు వేలితో పట్టుకోండి, దాని పళ్లు గరుకు కాగితంలా ఉంటాయంతే, కోయవు. రెండు మూడు పౌండ్లు దాటితే ఒక్క దవడ మీద వేలాడదీయకండి, ఇంకో చేయి కడుపు కింద పెట్టి అడ్డంగా పట్టుకోండి. గడ్డి మీద, సిమెంటు మీద పడేయకండి, ఒంటి మీది జిగురు పోతే చేపకు జబ్బులు పట్టుకుంటాయి. ఫోటోకు మీ ఊపిరి బిగపట్టి ఎంతసేపు ఉండగలరో అంతసేపే. జులై, ఆగస్టుల్లో అయితే ఇంకా తక్కువ. హుక్ లోతుగా దిగితే పీకకండి, లైనును దగ్గరగా కత్తిరించి వదిలేయండి, బతికే అవకాశం అలాగే ఎక్కువ.

పట్టిన చేపను ఇంకో చెరువులో వదలడం, ఇంట్లో అక్వేరియం చేపలు తెచ్చి ఇక్కడ వదలడం ఎప్పుడూ చేయొద్దు. 2002లో మేరీల్యాండ్‌లోని క్రాఫ్టన్ అనే ఊళ్లో, అచ్చం ఇలాంటి శివారు చెరువులోనే నార్తర్న్ స్నేక్‌హెడ్ బయటపడి దేశమంతా వార్త అయింది. అది మన కొర్రమీను కుటుంబమే. ఆ ఏడాదే ప్రాణంతో ఉన్న స్నేక్‌హెడ్‌ల దిగుమతిని, రాష్ట్రాల మధ్య రవాణాను కేంద్ర ప్రభుత్వం నిషేధించింది. ఎవరో ఒక్కరు చేసిన పనికి ఒక ప్రాంతంలోని నీళ్లన్నీ మారిపోతాయి.

కొన్ని జాగ్రత్తలు. నిప్పు చీమల పుట్టలు గట్టు మీద మెత్తని మట్టి దిబ్బల్లా ఉంటాయి, షార్ట్స్, చెప్పులతో వెళ్లకండి. కాటన్‌మౌత్ అనే విషపాము నీటి అంచున ఉంటుంది, కనబడని గడ్డిలో కాలు పెట్టకండి. ఉరుము వినబడితే రాడ్ కింద పెట్టి వెళ్లిపోండి, గ్రాఫైట్ రాడ్ విద్యుత్తును ప్రసరింపజేస్తుంది. తెగిన లైనును జేబులో పెట్టుకుని ఇంటికి తెచ్చి చెత్తబుట్టలో వేయండి. తాబేలు మెడకు చుట్టుకున్న లైనును ఒకసారి నా చేత్తో కోసి తీశాను, ఆ తర్వాత ఎవరి లైను కనబడినా తీసుకొస్తున్నాను.

పెద్ద చేప గురించి కూడా అడుగుతారని తెలుసు. టెక్సాస్ రికార్డు 18.18 పౌండ్లు, 1992 జనవరిలో డాలస్‌కు తూర్పున ఉన్న లేక్ ఫోర్క్‌లో పడింది. మన చెరువుల్లో అలాంటివి ఆశించకండి. అయినా బ్లూగిల్ బాగా ఉండి, ఎవరూ పట్టుకుపోని చెరువులో ఐదారు పౌండ్లది అరుదు కాదు. నాకు పడిన అన్నిటికంటే పెద్దది ఒక బడి పక్కన ఉన్న ఎకరం మడుగులో, మార్చిలో, పైపు నోటికి నాలుగడుగుల దూరంలో పడింది.

ఈ శనివారం తెల్లవారుజామున ఒక్క పురుగు ప్యాకెట్, నాలుగు హుక్‌లు, ప్లయర్ మాత్రమే తీసుకుని వెళ్లండి. ముందు గట్టు చుట్టూ ఒకసారి ఊరికే తిరిగి పైపు, అలుగు, జమ్ము ఎక్కడున్నాయో కాగితం మీద గీసుకోండి. తర్వాత పదడుగుల వెనక నుంచి గట్టు వెంబడి విసరండి. మీరు గీసిన బొమ్మ ఇక్కడ పెట్టండి, ఆరోజు గాలి ఎటు వీచిందో, నీళ్లు ఎంత తేటగా ఉన్నాయో కూడా రాయండి. ఆదివారం ఎక్కడ నిలబడాలో నేను గుర్తు పెట్టి పంపుతాను.